నాలుక ఎవరిది?

గత ఏడాది రాజమండ్రిలో ఒక సాహిత్య సదస్సులో 'తెలుగు రచనల్లో రుచి' అన్న అంశం మీద పత్రం చదివాను. పులస గురించీ, పూతరేకుల గురించీ, ఆవకాయ గురించీ మాట్లాడినంతసేపూ సభ చల్లగానే ఉంది. ఆఖరి పేరాలో, ఆ సంక్రాంతికి మా ఊళ్ళో వంటింట్లో కూర్చుని ఓక్ చెక్క పీపాల్లో మాగిన నల్లబీరు రుచి చూశాననీ, దాని రుచి చెప్పడానికి అక్కరకొచ్చిన మాటలన్నీ మా పిన్నివేననీ చెప్పాను. చర్చలో ఒక పెద్దాయన లేచి, "దూబగుంట నుంచి బీరు గ్లాసు దాకా వచ్చిందన్నమాట మీ స్త్రీవాదం" అన్నారు. సభ నవ్వింది. సభ ముగిశాక ఆయన గదిలో సీసాలు తెరుచుకుంటాయని ఆ హాల్లో అందరికీ తెలుసు. 'రెండో సమావేశం' అని దానికో ముద్దుపేరు కూడా ఉంది. నవ్విన వాళ్ళలో సగం మంది ఆ సమావేశానికి సభ్యులే.

ఆ నవ్వు నన్నేమీ బాధపెట్టలేదు. అలాంటి నవ్వులు మనకి కొత్తా? బాధపెట్టింది మరొకటి. భోజనాల దగ్గర, పల్లెల్లో మద్యం మీద ఆడవాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి పోరాడిన ఒక స్నేహితురాలు నా పక్కకొచ్చి, "ఆ ఒక్క పేరా తీసేస్తే నీ పత్రానికి వచ్చిన లోటేముంది? మన చేతులతో మనమే వాళ్ళకి కర్ర అందించడం దేనికి?" అంది. ఆమె ప్రేమతోనే అంది. ఈ వ్యాసం ఆ పెద్దాయనకి జవాబు కొంత, నా స్నేహితురాలికి జవాబు ఎక్కువ.

ముందు జరిగింది చెబుతాను. మా ఊరు కొత్తపేటకి దగ్గర. కనుమ నాడు ఇంట్లో పని ఎలా విడిపోతుందో కోనసీమలో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. మగవాళ్ళు కోడిపందాల నుంచి మధ్యాహ్నానికి వచ్చి డాబా మీదకి చేరతారు. ఆడవాళ్ళు పొద్దున్నే పొయ్యి దగ్గర చేరి చీకటి పడేదాకా అక్కడే ఉంటారు. మినప గారెలు, నాటుకోడి కూర వాయి దించడం, పళ్ళాలు సర్దడం, మెట్లెక్కడం. పళ్ళెం మెట్ల మీదే అందించాలి. పైకి వెళ్ళకూడదు, పైన ఏం జరుగుతోందో చూడకూడదు. ఈ నియమాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ తప్పరు.

షికాగోలో ఉండే మా పెదనాన్నగారి అమ్మాయి ఆ పండక్కి వచ్చింది. అన్నదమ్ముల కోసం రెండు సీసాలు తెచ్చింది. అక్కడ గూస్ ఐలాండ్ అనే బ్రూవరీ 1990ల నుంచి తయారుచేస్తున్న బర్బన్ కౌంటీ స్టౌట్ అది. ఏటా నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, ఆ ఏటి సరుకు అమ్మకానికి వస్తుంది. జనం చలిలో బారులు తీరి కొంటారట. బార్లీని కాఫీ గింజల్లా నల్లగా వేయించి కాచిన బీరుని, అంతకుముందు బర్బన్ విస్కీ ఉన్న ఓక్ పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచుతారు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగబెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కి పనికిరాదు కాబట్టి దాన్ని బీరువాళ్ళు కొనుక్కుంటారు. వేడికి బీరు చెక్కలోకి ఇంకుతుంది, చలికి మళ్ళీ బయటికొస్తుంది. అలా రుతువులు తిరిగేసరికి చెక్క వాసనా, కాలిన పొర వాసనా, పాత విస్కీ వాసనా అన్నీ అందులోకి దిగుతాయి. మత్తు సుమారు 14 శాతం, మామూలు బీరుకి దాదాపు మూడింతలు. దాన్ని గటగటా తాగరు. చిన్న గ్లాసులో పోసుకుని, మరీ చల్లగా లేకుండా, కొంచెం కొంచెంగా రుచి చూస్తారు.

ఒక సీసా డాబా మీదకి వెళ్ళింది. పది నిమిషాల్లో తీర్పు మెట్లు దిగి వచ్చింది. "దగ్గుమందులా ఉంది, కిక్ లేదు." అందులో ఐసు ముక్కలు వేసి, ఒక్క గుక్కలో మింగేసి, మళ్ళీ విస్కీకి వెళ్ళిపోయారు. రెండో సీసా వంటింటి అలమరలోనే ఉండిపోయింది. గారెల ఆఖరి వాయి దిగాక అక్క దాన్ని తెరిచింది. స్టీలు గ్లాసుల్లో తలా రెండు చెంచాలు పోసింది. అక్క, నేను, మా వదిన, పిన్ని. అమ్మ వాసన చూసి పక్కకి జరిగింది.

నేను చదువుకున్నదాన్ని కదా, వెంటనే నాకు తోచినవి అలాంటి సీసాల మీద రాసే మాటలే. వెనిలా, చాక్లెట్, పొగాకు. పిన్ని గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని, "కొబ్బరి లౌజు అడుగంటినట్టుందే" అంది. నాలిక్కి తగిలించుకుంది. "ముందు బెల్లం పాకం. ఉండకట్టే పాకం కాదు, అది దాటి ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచేస్తే వచ్చేదుంటుందే, అది. తర్వాత కొబ్బరి చిప్ప మాడిన చేదు. ఆఖర్న పొగ. తాటాకు పొగ కాదమ్మా, దుంగ పొగ." ఓక్ చెక్కలో ఉండే లాక్టోన్లు అనే పదార్థాలది కొబ్బరి వాసనేనని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ప్రయోగశాల చెప్పిన మాటనే మా పిన్ని ఏడో తరగతి చదువుతో, ఒక్క ముక్కుతో చెప్పింది.

"ఇంకొంచెం పొయ్యనా పిన్నీ?" అని అక్క అడిగింది. పిన్ని గ్లాసు కింద పెట్టేసింది. "చాలమ్మా, రుచి తెలిసింది కదా" అంది. కాసేపాగి, పొయ్యి వైపు చూస్తూ, "మీ బాబాయి దగ్గర వచ్చే వాసన ఇది కాదు" అంది.

మా బాబాయి తాగుడుతోనే పోయాడు. అంతకుముందే పిన్ని గాజులు పోయాయి, చెవుల దుద్దులు పోయాయి, కాలువ కింద అరెకరం పోయింది. దెబ్బల సంగతి ఆవిడ చెప్పదు, మేం అడగం. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దృష్టిలో మందు వాసన అంటే ఒకటే. ఆ సాయంత్రం ఆవిడే దాన్ని విడదీసి చూసింది. గ్లాసులో ఉన్నదాని వాసన ఇది, నన్ను కొట్టిన మనిషి వాసన అది, అని.

ఈ పేరానే తీసెయ్యమంటున్నారు.

రుచి చూడటం ఎవరి పని? మన ఇళ్ళల్లో రోజూ రుచి చూసేది ఆడవాళ్ళే. ఉప్పు సరిపోయిందా, పులుపు పట్టిందా, పాకం తీగ వచ్చిందా అని అరచేతిలో చుక్క వేసుకుని నాలిక్కి రాసుకునేది వాళ్ళే. నైవేద్యమైతే ఆ చుక్క కూడా లేదు. ఎంగిలవుతుంది కాబట్టి ఉప్పుని వాసనతోనే కనిపెట్టాలి. ఇంత నేర్పు కావలసిన పని ఇది. కానీ ఆ చూసే రుచి తమ కోసం కాదు, విస్తరి ముందు కూర్చోబోయేవాడి తరఫున చూసేది. 'బాగుంది', 'బాగాలేదు' అనే అధికారం ఆ కూర్చున్నవాడిది. రుచి చూసే చాకిరీ ఒకరిది, రుచి గురించి మాట్లాడే హక్కు ఇంకొకరిది.

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్నది మా గోదావరి జిల్లాల సామెత. వరద నీళ్ళకి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే చేప కోసం అంత తహతహ అన్నమాట. ఎంతో చమత్కారంగా చెప్పుకుంటాం, అతిథులకి వినిపించి మురిసిపోతాం. పుస్తెలు ఎవరి మెడలోవి? అమ్మేదెవరు? మట్టి దాకలో సన్నటి సెగ మీద గంటల తరబడి ఆ పులుసు కాచేదెవరు? ముందు విస్తరి ఎవరిది? చేప కోసం భార్య మెడలోది అమ్మితే రసికత అయింది. సారా కోసం అదే అమ్మితే వ్యసనం అయింది. పుస్తెలు రెండుసార్లూ ఒకే మెడలోవి.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. మన అలంకారశాస్త్రం మొత్తం రసం అనే మాట మీద నిలబడింది. ఆ మాట వంటింటి నుంచి వచ్చిందే. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసం అంటే ఏమిటో చెప్పడానికి భోజనాన్నే పోలికగా తెచ్చాడు. రకరకాల వ్యంజనాలతో చక్కగా వండిన అన్నాన్ని తింటూ మంచి మనసున్న పురుషులు రుచుల్ని ఆస్వాదించినట్టు ప్రేక్షకులు భావాల్ని ఆస్వాదిస్తారంటాడు. తిన్నవాళ్ళు పురుషులని ఉంది. వండినవాళ్ళు ఎవరో లేదు. పురుష అంటే మనిషి అనే అర్థం కూడా ఉందని పండితులు నన్ను సరిదిద్దుతారు. సరే, ఒప్పుకుంటాను. ఆ 'మనిషి'లో వండిన మనిషి ఉందా అని మాత్రం అడుగుతాను. రసాస్వాదన మీద నేను పరీక్షల్లో పేజీలకి పేజీలు రాశాను. ఆ పోలికలో పొయ్యి దగ్గర నిలబడి ఉండాల్సిన మనిషి కనబడటం లేదన్న స్పృహ నాకు పీహెచ్‌డీ అయిపోయాక వచ్చింది.

రాజమహేంద్రవరం రెడ్డిరాజుల ఆస్థానంలో ఉన్న శ్రీనాథుడి పేరు మీద పల్నాటి జొన్నకూటిని తిట్టిపోసే చాటువులు ఇప్పటికీ జనం నోళ్ళలో ఉన్నాయి. మగవాడి నాలుక విసుక్కుంటే అది పద్యమై ఆరువందల ఏళ్ళు నిలుస్తుంది. ఆ జొన్నలు దంచి కూడు వండిన ఆడవాళ్ళకి దాని రుచి ఎలా ఉండేదో ఒక్క చాటువు లేదు. మద్యం విషయంలో ఇది ఇంకా స్పష్టం. కవి తాగితే భావుకత. తాగి చెడితే విషాద గాథ, దాని మీద వ్యాసాలు, సంస్మరణలు. ఆడది గ్లాసు పట్టుకుంటే సినిమాలో ఆమె విలన్ పక్కన ఉండాలి, కథలో పతనమై ఉండాలి. తాగే హక్కు పూర్తిగా అనుభవించే డాబా మీది మగవాళ్ళకి ఆ నల్లబీరు గురించి దొరికిన మాట 'కిక్' ఒక్కటే అన్నది నాకు కాకతాళీయంగా కనబడటం లేదు. మత్తు కోసమే తాగేవాడికి రుచి అడ్డం. మాటలన్నీ మెట్ల కింద ఉండిపోయాయి.

ఈ సరుకు తయారుచేసింది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. సుమేరియన్లకి బీరు దేవత నిన్‌కాసి. క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలో మట్టిపలకల మీద రాసిన ఆమె స్తోత్రం బీరు కాచే పద్ధతినే వర్ణిస్తుంది. ఇంగ్లండులో 1300 నాటికి ఏల్ అనే పానీయాన్ని కాచి అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, 1600 వచ్చేసరికి ఆ వృత్తి మగవాళ్ళ చేతికి పోయిందని జుడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి 1996లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించింది. ఏల్ నాలుగు రోజుల్లో పాడైపోయేది. ఇంట్లో కాచి, మిగిలింది వీధిలో అమ్ముకునేవాళ్ళు. హాప్స్ వేసిన బీరు వచ్చాక అది నిలవ ఉండటం మొదలైంది, దూరాలు వెళ్ళడం మొదలైంది. పెద్ద పాత్రలు, పెట్టుబడి, అప్పు, సంఘంలో సభ్యత్వం కావలసొచ్చాయి. ఇవేవీ ఆడవాళ్ళకి అందేవి కావు. సరుకు నిలవ ఉండటం నేర్చిన రోజున అది వ్యాపారమైంది, వ్యాపారమైన రోజున చేతులు మారింది. నెలల తరబడి ఓక్ పీపాలో డబ్బు కదలకుండా కూర్చునే ఈ నల్లబీరు ఆ దారిలో ఆఖరి మజిలీ. గూస్ ఐలాండ్‌ని కూడా 2011లో అన్‌హైజర్-బుష్ అనే మహా కంపెనీ కొనేసింది.

మన దగ్గర కథ ఇంకో రకం. మన తాటికల్లు నిలవ ఉండదు. చెట్టు మీద లొట్టిలో పడ్డ క్షణం నుంచే పులవడం మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి వెగటు. దాన్ని దాచి డబ్బు చేసుకోవడం కుదరదు కాబట్టి సర్కారు చెట్టునే పట్టుకుంది. రంప కొండల్లో ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద మన్సబుదారు వేసిన చిగురుపన్ను, దానికి తోడైన కొత్త అబ్కారీ నిబంధనలు, పల్లం నుంచి వచ్చిన కౌలుదార్ల దోపిడీ 1879 నాటి రంప తిరుగుబాటుకి ముఖ్య కారణాలు. ఇంట్లో తాగే కల్లు కోసం గోదావరి కొండలు తిరగబడ్డాయి. ఏడేళ్ళకి 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకి పన్ను, దుకాణానికి వేలంపాట, పాట పాడినవాడిదే ఊరు. 1930లో గాంధీ మద్యం దుకాణాల ముందు పికెటింగు చేసే పనిని ప్రత్యేకంగా ఆడవాళ్ళకే అప్పగించాడు. దుకాణం ముందు నిలబడ్డ స్త్రీకి చరిత్రలో చోటు దొరికింది, గౌరవం దొరికింది. దొరకాల్సిందే. దుకాణం లోపల ముంతలు కడుగుతున్న స్త్రీకి మాత్రం దొరకలేదు.

మా చిన్నప్పుడు కాలువ గట్టు మీద తాటాకు పాకలో ఒకావిడ కల్లు అమ్మేది. భర్త చెట్టెక్కేవాడు, అమ్మకం ఆవిడది. లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఇది పోతుతాడిదో పెంటితాడిదో చెప్పేదని, ఏ కల్లు ఎవరికి పొయ్యాలో, ఎవరికి ఇక చాలనాలో ఆవిడకి తెలుసని ఊళ్ళో చెప్పుకునేవారు. దాళ్వా కోతలు అయిన సాయంత్రాల్లో కూలి ఆడవాళ్ళు అక్కడ కూర్చుని తలో ముంతా తాగి, నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవారు. మాలాంటి 'పరువు' గల ఇళ్ళ ఆడపిల్లల్ని ఆ గట్టు మీద నడవనిచ్చేవారు కాదు. 'కల్లు కంపు' అన్నది మా ఇళ్ళల్లో వాసన పేరు కాదు, కులం పేరు. అదే ముక్కులతో ఇప్పుడు షికాగో సీసాని వాసన చూసి సువాసన అంటున్నాం. లొట్టిలో పులిస్తే కంపు, ఓక్ పీపాలో మాగితే పరిమళం. మేం ఆ రెండు చెంచాలు నాలిక్కి రాసుకోవడం ఏదో సాహసమని నేను చెప్పుకుంటే గట్టు మీది ఆడవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి అది సాహసమూ కాదు, పతనమూ కాదు. పని చేసిన ఒంటికి సాయంత్రం. నేను స్త్రీల అనుభవం మీద నాలుగు వందల పేజీల థీసిస్ రాశాను. ఆ సాయంత్రం అందులో లేదు.

ఇప్పుడు నా స్నేహితురాలికి. దూబగుంట పేరు ఎత్తితే నేనూ లేచి నిలబడతాను. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించే నాటికి నాకు ఏడాది నిండలేదు. అక్షరదీపం బడుల్లో చదువుకున్న 'సీతమ్మ కథ' పాఠం నుంచి, వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళ తెగువ నుంచి పుట్టిన ఉద్యమం అది. అయితే ఆ ఆడవాళ్ళు అడిగిందేమిటో మళ్ళీ గుర్తు చేసుకుందాం. మా కూలి డబ్బులు ఇంటికెందుకు రావడం లేదన్నారు. మమ్మల్ని ఎందుకు కొడుతున్నారన్నారు. మా ఊరికి నీళ్ళు రావు, సారా ప్యాకెట్టు ఎలా వస్తోందన్నారు. 1980ల్లో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారాని ప్యాకెట్లు కట్టి పల్లెలకి పంపింది. ఆ వాహిని పారేది ఖజానాలోకి అని వాళ్ళకి అర్థమైంది. అది ఆర్థికశాస్త్రం, రాజకీయం. ఆడదాని నాలుక పాపిష్టిదని వాళ్ళు ఎక్కడా అనలేదు. ఆ మాట తర్వాత చేరింది. ఉద్యమాన్ని పొగిడిన పెద్దమనుషులు వాళ్ళని శక్తి అన్నారు, తల్లి అన్నారు, పవిత్ర గృహలక్ష్మి అన్నారు. ఆకలి, రుచి, ఇష్టం ఏవీ లేని బొమ్మని చేసి దండేశారు. ఆ దండని మనం ఉద్యమ వారసత్వం అనుకుని మెడలో వేసుకుని తిరుగుతున్నాం.

దాని వల్ల మనకి ఒరిగిందేమిటి? 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చాయి. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మగవాళ్ళు చనిపోతే, నాటుసారా అని కుటుంబాలు, సహజ మరణాలని ప్రభుత్వం వాదించుకున్నాయి. ఇన్ని మార్పుల్లో ఆడవాళ్ళని అడిగింది ఓటు ఒక్కటే. మద్యం గురించి మనకి అనుమతించిన మాట ఏడుపు ఒక్కటే అయినప్పుడు, ఏడవడం అయ్యాక మన మాట ఎవరు వింటారు? ఏది ఎంత తాగుతున్నారో, అందులో ఏం కలుపుతున్నారో, ఎందుకు తాగుతున్నారో తెలిసిన మనుషులుగా మనం మాట్లాడకూడదా? సరుకు గురించి తెలిసినవాళ్ళని బాధితులని పక్కన కూర్చోబెట్టడం కష్టం.

నా మాటకి ఒక ప్రమాదం ఉంది, అది నాకు తెలుసు. 1929లో న్యూయార్కులో ఈస్టరు ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు కాల్పించి వాటిని 'స్వేచ్ఛా కాగడాలు' అన్నారు. దాని వెనక ఉన్నది పొగాకు కంపెనీ డబ్బు, ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడి బుర్ర. రేపు మన ఊళ్ళల్లో కూడా గులాబిరంగు డబ్బాల్లో 'ఆడవాళ్ళ బీరు' వస్తుంది, దాన్నీ స్వేచ్ఛ అంటారు. నేను ఎవరినీ తాగమనడం లేదు. తాగడం విముక్తి అనడం అంతకన్నా లేదు. అదే నిజమైతే మన మగవాళ్ళంతా ఈపాటికి విముక్తులై ఉండాలి.

నేను అంటున్నది పిన్ని గురించి. ఆవిడ రెండు చెంచాలు రుచి చూసింది, ఉన్నదున్నట్టు పేర్లు పెట్టింది, చాలని గ్లాసు దించేసింది. ఆ మూడో పని మా బాబాయి జీవితంలో ఒక్కసారి కూడా చెయ్యలేకపోయాడు. రుచి తెలిసినవాళ్ళే 'చాలు' అనగలరు. రుచి చూడనివ్వని మనిషి 'వద్దు' అన్నా అది ఆమె మాట కాదు, ఆమె చేత అనిపించిన మాట. ఆ గ్లాసు దగ్గరికి వెళ్ళకుండా పక్కకి జరిగిన మా అమ్మ నిర్ణయాన్ని కూడా నేను గౌరవిస్తాను, అది ఆమె ముక్కుతో ఆమె తీసుకున్నది కాబట్టి.

విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరం మాది. వంటిల్లు చాకిరీ కొట్టమని ఆ కవిత మాకు నేర్పింది, అది ఈ రోజుకీ నిజం. ఆ చాకిరీలో మన ఆడవాళ్ళు కూడబెట్టిన జ్ఞానాన్ని కూడా చాకిరీతో పాటు పారబోస్తున్నామేమో అని నా భయం. నేను ఆ పనే మొదలుపెట్టాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా పిన్ని దగ్గర కూర్చుని రుచుల పేర్లు రాసుకుంటున్నాను. పాకానికే ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. పొగకి ఆరు. పులుపుకి ఇంకా లెక్క తేలలేదు. కాలువ గట్టు మీది ఆవిడ ఇప్పుడు లేదు. కూతురు ఉంది, తల్లి దగ్గర చిన్నప్పటి నుంచీ లొట్టెలు కడిగిన పిల్ల. ఈ ఎండాకాలం, కల్లు దిగే రోజుల్లో, ఆమె ఒప్పుకుంటే ఆమె దగ్గర కూర్చుంటాను.

అందుకని, నా స్నేహితురాలా, ఆ పేరా తియ్యను. వచ్చే సదస్సులో దాన్నే మొదట చదువుతాను. నువ్వు ముందు వరసలో కూర్చో.